డబ్లిన్ వచ్చే ముందు చదవాల్సినవి

అమ్మలూ,

వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పచ్చళ్లు, స్వెటర్లు ఆవిడ చూసుకుంటుంది. నువ్వడిగిన పుస్తకాల సంగతి నేను రాస్తున్నా.

ఐర్లండ్ చరిత్ర అనగానే అందరూ రాయ్ ఫాస్టర్ ‘మోడర్న్ ఐర్లండ్’ కొనమంటారు. గొప్ప పుస్తకమే, కానీ దాంతో మొదలుపెట్టకు. 1600 నుంచి 1972 దాకా కథ. పేర్లన్నీ మనకు ముందే తెలుసన్నట్టు రాసుకుపోతాడు. యాభై పేజీలకే పక్కన పడేస్తావు.

ముందు క్లేర్ కీగన్ ‘స్మాల్ థింగ్స్ లైక్ దీజ్’ చదువు. చిన్న నవల, ఒక్క పూటలో అయిపోతుంది. 1985, న్యూ రాస్ అనే ఊరు, క్రిస్మస్ ముందు రోజులు. బొగ్గు వ్యాపారి ఒకాయన తెల్లవారకముందే చర్చి సిస్టర్లుండే కాన్వెంటుకు లోడు తీసుకెళ్లి బొగ్గుల కొట్టు తలుపు తీస్తే, లోపల చలికి వణుకుతూ ఒక అమ్మాయి! తన పసిబిడ్డ ఎక్కడుందో కనుక్కోమంటుంది. పెద్ద సిస్టరేమో ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, పండగ కవరు చేతిలో పెట్టి పంపిస్తుంది. ఊళ్లో అందరికీ ఎంతో కొంత తెలుసు. కానీ ఆడపిల్లల బడి కూడా ఆ సిస్టర్ల చేతిలోనే ఉంది, ఇక నోరెత్తేదెవరు? ఆడవాళ్లతో జీతం లేకుండా బట్టలు ఉతికించిన అలాంటి మాగ్డలిన్ లాండ్రీల్లో చివరిది మూతపడింది 1996లో. ప్రభుత్వం క్షమాపణ చెప్పేసరికి 2013 వచ్చింది. ఇక్కడ వయసుమళ్లినవాళ్లు చర్చి మాటొస్తే ఎందుకు మౌనంగా ఉండిపోతారో ఇది చదివాక నీకే అర్థమవుతుంది.

తర్వాత కరువు. సెసిల్ వుడమ్-స్మిత్ 1962లో రాసిన ‘ది గ్రేట్ హంగర్’. 1845లో బంగాళదుంపకు తెగులు పట్టింది. కొన్నేళ్లలో సుమారు పది లక్షల మంది పోయారు, అంతకు మించి ఓడలెక్కి వెళ్లిపోయారు. లండన్ ఖజానాలో కూర్చుని సాయానికి పైసా పైసా లెక్కగట్టిన చార్లెస్ ట్రెవెల్యాన్‌ను ఆవిడ వదల్లేదు. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. అప్పుడు మన కడప, కర్నూలు కూడా ఆయన ఏలుబడిలోనే! ఆవిడ కోపం కాస్త ఎక్కువైందనే చరిత్రకారులూ ఉన్నారు. ఫాస్టర్‌ను తీయాల్సింది ఇప్పుడు, అదీ కరువు అధ్యాయం ఒక్కటే. వేడిగా రాసింది, చల్లగా రాసింది పక్కపక్కన పెట్టి చూడు.

బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో జరిగిన 1916 తిరుగుబాటుకు ఎర్నీ ఓమాలీ ‘ఆన్ అనదర్ మ్యాన్స్ వూండ్’. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో మెడిసిన్ చదివే కుర్రాడు, మొదట తిరుగుబాటుదారుల మీదే తుపాకీ పట్టబోయి, వారం తిరక్కుండా వాళ్ల పక్షం చేరాడు. ఆ రోజుల్లో అదే కాలేజీలో మన వి.వి.గిరి గారు లా చదువుతున్నారు.

లిమరిక్ ఊళ్లో గడిచిన తన పేద బాల్యం గురించి ఫ్రాంక్ మెకోర్ట్ రాసిన ‘ఏంజెలాస్ యాషెస్’ ఎవరైనా ఇస్తే చదువు, ఏడిపిస్తుంది. కాకపోతే లిమరిక్ వాళ్ల ముందు మెచ్చుకోకు, అతిగా రాశాడని చాలామందికి ఇప్పటికీ గుర్రు.

ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వెళ్లేలోపు మాత్రం, అక్కడి కాథలిక్, ప్రొటెస్టెంట్ గొడవల మీద ప్యాట్రిక్ రాడెన్ కీఫ్ రాసిన ‘సే నథింగ్’ తప్పనిసరి. 1972లో పదిమంది పిల్లల తల్లిని ఇంట్లోంచి ఎత్తుకుపోవడంతో మొదలవుతుంది. అక్కడ ఎవరినీ మతం అడక్కూడదని వేరే చెప్పక్కర్లేదు.

సూట్‌కేసులో ఇవన్నీ మోసుకురాకు, కీగన్ ఒక్కటి చాలు, విమానంలో అయిపోతుంది. మిగతావాటికి లైబ్రరీ కార్డు తీసుకో. ఇక్కడ సభ్యత్వం ఉచితం, ఆలస్యమైతే ఫైన్ కూడా 2019లో ఎత్తేశారు.

మీ మామయ్య