ఆ శాతం ఏ మొక్కది?

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా, మెక్సికో సరిహద్దులోని సొనోరా ఎడారిలో తెల్లవారడం నీ కలంలో బాగా వచ్చింది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను: "సెనీటా కాక్టస్‌లో ఆల్కలాయిడ్లు ఇంత శాతం ఉంటాయి." ఆల్కలాయిడ్లంటే మొక్కలు తయారుచేసుకునే, తరచూ విషమైన రసాయనాలు, సరే. కానీ ఏ సెనీటాలో?

ముందు మొక్కని తేరిపార చూడు. సెనీటా కాండానికి కింద పొట్టి ముళ్ళు. పూతకొచ్చే వయసులో అదే కాండం పైభాగాన నెరిసిన గడ్డంలా పొడవాటి ముళ్ళు దిగుతాయి. రెండు ఫోటోలు విడిగా చూపిస్తే రెండు జాతులంటాం. అందుకే ముళ్ళొక్కటే చూసి పేరు పెట్టకు, నిలువు గట్లు కూడా లెక్కపెట్టు. సెనీటాకు సాధారణంగా ఐదు నుంచి ఏడు. అదే ఎడారిలో పెరిగే ఆర్గన్ పైప్ కాక్టస్‌కు పన్నెండు, ఆపైన.

మన పాఠకుడికి ఇంకో చిక్కుంది. స్తంభంలా పెరిగే ముళ్ళ మొక్క అనగానే అతనికి బొమ్మజెముడు గుర్తొస్తుంది. గిల్లితే పాలు కారే ఆ మొక్క కాక్టస్ కాదు, యుఫోర్బియా అనే వేరే కుటుంబానిది. కాక్టస్ ముళ్ళు నూగుగా ఉండే చిన్న బుడిపెల్లోంచి మొలుస్తాయి. ఆ బుడిపెను ఏరియోల్ అంటారు. ఇది మొదట్లోనే చెప్పెయ్.

ఇక శాతం సంగతి. తాజా కాండంలో చాలా భాగం నీరే. పచ్చి బరువు మీద లెక్కనీ, ఎండిన బరువు మీద లెక్కనీ పక్కపక్కన పెడితే ఒకే మొక్క పది రెట్లు మారినట్టు కనబడుతుంది. పై పచ్చటి పొర వేరు, లోపలి గుజ్జు వేరు. వయసు, పెరిగిన చోటు, వంశం కూడా లెక్కలోకి వస్తాయి. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో పెరిగే శాన్ పెడ్రో కాక్టస్‌నే చూడు. కొమ్మ నాటితే బతుకుతుంది కాబట్టి నర్సరీలో పది కుండీలూ ఒకే తల్లి మొక్క ముక్కలు కావచ్చు. అప్పుడు పదీ కొలిచినా కొలిచింది ఒక్క మొక్కనే. వృక్షశాస్త్రజ్ఞులు బ్రిటన్, రోజ్ 1920లో వేర్వేరు జాతులుగా వర్ణించిన పచనోయ్ (అదే శాన్ పెడ్రో), దాని దగ్గరి చుట్టం పెరూవియానస్‌లు కుండీ చీటీల మీద తారుమారవుతూనే ఉంటాయి. పేరే తప్పయితే దాని పక్కన అంకె ఎందుకు?

నీ వ్యాసానికి ప్రాణం సెనీటాలో బతికే ఆ చిన్న ఈగ, డ్రోసోఫిలా పాకియా. దాన్ని ఒక్క ముక్కలో దాటేశావు, నాకు బాధేసింది. అది కుళ్ళుతున్న సెనీటాలోనే గుడ్లు పెడుతుంది. అక్కడి ఆల్కలాయిడ్లు లోఫోసెరీన్, పైలోసెరీన్ మిగతా ఈగల్ని దగ్గరికి రానివ్వవు. దీనికి మాత్రం ఏమీ కాదు. నువ్వు అక్కడే ఆపేశావు. 1965లో హీడ్, కిర్చర్ అనే శాస్త్రవేత్తలు చూపించింది ఇంకోటుంది. ఈ ఈగ కొలెస్టరాల్‌తో బతకలేదు, సెనీటాలో దొరికే షాటెనాల్ లాంటి స్టెరాల్ (కొలెస్టరాల్ కోవకే చెందిన పదార్థం) దానికి తప్పనిసరి. ఆల్కలాయిడ్ పరాయివాళ్ళని బయట ఉంచుతోంది, స్టెరాల్ ఈ ఈగని అక్కడే కట్టేసింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, కనీసం రెండు పేరాలు తీరిగ్గా రాయి.

అంకె తీసేస్తే వ్యాసం పలచబడుతుందని టెన్షన్ పడకు. ఉంచాలనుకుంటే ఎక్కడి మొక్క, ఏ భాగం, పచ్చిదా ఎండినదా అన్నవి పక్కనే రాయి. ఈసారి సెనీటా కింది కాండం ఫోటో, పైకాండం ఫోటో రెండూ జతచేసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య