జిగురు మన్ను నేలలో నూతి పక్కన మరుగుదొడ్డి గొయ్యి తవ్వొచ్చా?

"మాది జిగురు మన్ను, చుక్క నీరు కిందికి దిగదు, నూతికి ఇరవై అడుగుల్లో మరుగుదొడ్డి గొయ్యి తవ్వితే ఏమవుతుంది?" అని అడిగారు. వద్దండీ. ఆ మన్నుని నమ్ముకుని అంత పని చెయ్యకండి.

మాది చీపురుపల్లి వైపు. మా మేనమామగారి దొడ్లో కొత్త నుయ్యి తవ్వుతుంటే లోపలికి దిగి చూశాను. పైనుంచి చూస్తే గట్టి బంకమన్నే. దగ్గరికెళ్తే నిలువునా సన్నటి నెర్రెలు, వాటి వెంబడి తుప్పురంగు చారలు, మనిషి లోతు దాటాక కూడా చింతచెట్టు వేళ్లు. గోరుతో గీకితే నెర్రె అంచున మన్ను తడిగా అంటుకుంది, బెత్తెడు అవతల పొడిగా రాలింది. గాలీ నీరూ ఏళ్లుగా ఆ దారినే తిరుగుతున్నాయనడానికి ఆ చారలే గుర్తు.

పగుళ్లు లేని బంకమన్నులో నీరు ఏడాదికి కొద్ది సెంటీమీటర్లు కూడా కదలకపోవచ్చు. నెర్రెలో లెక్క వేరు. వెడల్పు రెండింతలైతే పారే నీరు ఎనిమిదింతలవుతుంది.

కెనడా, డెన్మార్క్‌లలో హిమానీనదాలు వదిలిన బంకమన్ను మీద ఈ విషయం బాగా పరిశోధించారు. అక్కడ నేల ఎండడం, గడ్డకట్టి కరగడం వల్ల పగుళ్లు వస్తాయి. మనకి ఎండలు, చెట్ల వేళ్లు, అడుగున చివికిన ఖోండలైట్ రాయిలో మిగిలిన పాత పగుళ్లు. నీటి నడక మాత్రం ఒక్కటే. నన్ను భయపెట్టేది ఇదీ: మలమూత్రాల నుంచి పుట్టి నీటిలో కరిగే నైట్రేట్ అనే లవణం పక్క మన్నులోకి ఇంకుతూ వెనకబడుతుంది. క్రిములు ఆ మన్ను రంధ్రాల్లో పట్టవు. దారిలో కొన్ని చచ్చినా, మిగిలినవి నెర్రె వెంటే వచ్చి ముందుగా నూతిలో పడతాయి. ఇక మన్నులో ఇంకిన నైట్రేట్, రేపు గొయ్యి మూసేసినా, ఏళ్ల తరబడి మళ్లీ నెర్రెలోకి ఊరుతూనే ఉంటుంది.

ఒర మీంచి వాననీరు పడకపోయినా, పెద్ద వాన పడ్డ ఒకటి రెండు రోజుల్లో నూతి నీటి రంగో వాసనో మారుతోందా? అయితే దగ్గర్లో నెర్రె దారి ఉందని అనుమానించండి. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో పసిబిడ్డ ఉంటే పరీక్ష అయ్యేదాకా ఆ నీళ్లతో డబ్బాపాలు కలపకండి.

గొయ్యి తప్పదంటే నూతికి పల్లంలో, స్థలం ఉన్నంత దూరంగా, అడుగూ గోడలూ సిమెంటు చేసిన ట్యాంకు కట్టించండి. ముందు నూతి నీళ్లు ల్యాబ్‌కి పంపి, ఆ రిపోర్టూ మీ దొడ్డి వాలు ఎటుందో ఇక్కడ పెట్టండి, చోటు సంగతి చూద్దాం.