ఆటిజం ఉన్న పిల్లవాడిని వండర్‌లాకు తీసుకెళ్లాలనుకుంటే

వేసవి సెలవులకు మీ ఆడపడుచు కుటుంబం హైదరాబాదు వస్తోందని, అందరూ కలిసి వండర్‌లా వినోద పార్కుకు వెళ్లాలనుకుంటున్నారని, ఆటిజం ఉన్న ఏడేళ్ల మీ బాబును మాత్రం ఆ రోజుకు నాయనమ్మ దగ్గర ఉంచి రమ్మని ఇంట్లో పెద్దలు అంటున్నారని రాశారు. మా అబ్బాయికీ ఆటిజం ఉంది, మాటలు తక్కువ. వాణ్ని ఇలాంటి చోట్లకు తిప్పుతూ తెలుసుకున్న సంగతులు చెబుతాను. మీ బాబును తప్పకుండా తీసుకెళ్లండి. అయితే మొదటిసారి మాత్రం ఆ బంధువుల బృందంతో, మే నెలలో తీసుకెళ్లవద్దు.

మే నెలలో ఎండ ఒక ఇబ్బంది, సెలవుల రద్దీ మరో ఇబ్బంది. దాహం వేస్తోందనో తల తిరుగుతోందనో మన పిల్లలు చాలామంది నోరు తెరిచి చెప్పలేరు. జూన్‌లో బడులు తెరిచాక, సెలవు కాని మంగళవారమో బుధవారమో ఒక రోజు మీ భార్యాభర్తలిద్దరూ సెలవు పెట్టుకుని బాబుతో వెళ్లండి. బడి ఒక రోజు పోతే పోతుంది. ఆడపడుచు పిల్లలతో కలిసి గడిపే అవకాశం మీ బాబుకు ఇంటి దగ్గరి పార్కులోనూ దొరుకుతుంది. వండర్‌లాను ఒకసారి చూసి అలవాటు పడిన పిల్లవాడు వచ్చే వేసవిలో వాళ్లందరితో కలిసి వెళ్తే, అక్కడ ఏది ఎక్కడుందో బావలకూ మరదళ్లకూ తనే చూపించగలుగుతాడు.

పార్కు అనగానే అందరూ రైడ్లు చూసి పిల్లవాడు భయపడతాడేమో అని ఆలోచిస్తారు. నేను చూసినంతవరకు అసలు కష్టం రైడ్‌లో ఉండదు, దాని ముందు నిలబడే వరుసలో ఉంటుంది. ఎదురుగా తిరిగేది కనిపిస్తూ ఉంటుంది, తన వంతు ఎప్పుడో తెలియదు, వెనకాల ఉన్నవారి ఒళ్లు తగులుతూ ఉంటుంది, ఇనుప కడ్డీల మధ్య నుంచి బయటికి వచ్చే దారి ఉండదు. కాబట్టి ఇప్పటి నుంచే బాబుకు వరుసలో నిలబడటం నేర్పండి. దీనికి మెట్రో రైలు చాలా మంచి సాధనం. బ్యాగును యంత్రంలో పెట్టడం, భద్రతా సిబ్బంది ఒళ్లు తడిమి చూడటం, గేటు దాటడం, రైలు వచ్చేదాకా ఆగడం అన్నీ అందులో ఉన్నాయి. పైగా రైలు ఇంకెన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు మీద కనిపిస్తుంది. ముందు ఒక్క స్టేషను దూరం వెళ్లి దిగిపోండి, తర్వాత దూరం పెంచండి. ఫోనులో టైమరు పెట్టి, అంకె తగ్గుతూ ఉంటే మన వంతు దగ్గరపడుతోందని చూపించడం మా వాడికి బాగా పనిచేసింది.

వండర్‌లాలో వరుసను తగ్గించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు ఉంది. ఖర్చు ఎక్కువే అయినా మీ విషయంలో ఆ డబ్బు వృథా కాదని నా అభిప్రాయం. దానితో పాటు బాబుకు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఇప్పటికీ తీసుకోకపోతే ఆ పని మొదలుపెట్టండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది. కార్డు ఉన్నంత మాత్రాన ఏ పార్కు వారైనా వరుస దాటించి పంపుతారని అనుకోకండి. వెళ్లే ముందు ఫోను చేసి, పిల్లవాడి పరిస్థితి వివరించి, ఏ సాయం చేయగలరో అడగండి. చెప్పినవారి పేరు రాసుకుంటే గేటు దగ్గర మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసిన అవసరం తగ్గుతుంది.

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. నీటి రైడ్లలోకి మామూలు నూలు బట్టలతో పోనివ్వరు, నైలాన్ లేదా లైక్రా ఈత దుస్తులు ఉండాలి. ఒంటికి బిగుతుగా అతుక్కునే ఆ గుడ్డ, తడిసి గాలి తగిలాక కలిగే ఆ చల్లదనం, మెడ వెనక గీసుకునే ఆ లేబులు, ఇవన్నీ స్పర్శ విషయంలో సున్నితంగా ఉండే పిల్లవాడికి భరించలేనివి కావచ్చు. అక్కడికి వెళ్లాక కొత్తది కొని తొడగాలని చూస్తే ఆ రోజు ఆ గదిలోనే ముగిసిపోతుంది. కొన్ని వారాల ముందే కొనండి. లేబులును కత్తిరించి, ఆ మొదలు కూడా గుచ్చుకోకుండా కుట్టు విప్పి తీసేయండి. కొత్త వాసన పోయేదాకా ఇంట్లో వాడే సబ్బుతోనే ఉతకండి. మొదట పొడిగా కాసేపు తొడిగి తనకిష్టమైన బొమ్మలతో ఆడనివ్వండి, తర్వాత అదే వేసుకుని స్నానం చేయించండి, ఆ తర్వాత తడి దుస్తులతో కాసేపు ఫ్యాను కింద ఉంచి చూడండి. మణికట్టుకు కాగితపు పట్టీ కట్టడం, ఎత్తు కొలిచే కర్రకు ఆనించి నిలబెట్టడం కూడా ఇంట్లో ఆటలాగా చేయించండి. చాలా రైడ్లకు అర్హతను నిర్ణయించేది ఎత్తే కాబట్టి, తెలియని మనిషి వచ్చి తలమీద చేయి పెట్టే సందర్భం తప్పకుండా వస్తుంది.

నీటి దగ్గర జాగ్రత్త గురించి మరికొంత గట్టిగా చెప్పాలి. 2012లో పీడియాట్రిక్స్ అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, నాలుగేళ్లు దాటాక ఒక్కసారైనా పెద్దల కన్నుగప్పి వెళ్లిపోవడానికి ప్రయత్నించిన పిల్లలు, ఆటిజం ఉన్నవారిలో 49 శాతం ఉన్నట్టు తేలింది. అలా వెళ్లిన పిల్లలు తరచు నీటివైపే వెళ్తారు. వేవ్ పూల్ (కృత్రిమంగా అలలు వచ్చే కొలను) దగ్గర చుట్టాలు పదిమంది ఉంటే భద్రత పెరుగుతుందని అనుకుంటాం కాని, ఎవరో ఒకరు చూస్తున్నారులే అని ప్రతివారూ అనుకునే ప్రమాదమే ఎక్కువ. మేము భార్యాభర్తలం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లవాడి బాధ్యత మారే ప్రతిసారీ "ఇప్పుడు నీ దగ్గర ఉన్నాడు" అని ఒకరు పైకి అంటారు, "ఆ, నా దగ్గర ఉన్నాడు" అని రెండోవారు బదులు చెప్పాకే మొదటివారు కదులుతారు. వినడానికి చిన్న సంగతిలా ఉన్నా, మీ కుటుంబంలో దీన్ని కచ్చితంగా పాటించమని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ రోజు బాబుకు ముదురు నారింజ వంటి దూరానికి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు బట్టలు వేయండి, బయలుదేరేటప్పుడు అవే బట్టల్లో ఫొటో తీయండి, చేతిమీద చెరగని సిరాతో మీ ఫోను నంబరు రాయండి.

శబ్దాల విషయానికి వస్తే, పాటల హోరు సంగతి అందరికీ గుర్తొస్తుంది, మరుగుదొడ్డిలో చేతులు ఆరబెట్టే యంత్రం మాత్రం గుర్తుకురాదు. దాని ఒక్క మోతకు రోజంతా పాడైన పిల్లలను చూశాను. చెవులను పూర్తిగా మూసే, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు తీసుకుని, మిక్సీ తిరిగేటప్పుడు పెట్టుకోవడం ఇంట్లోనే అలవాటు చేయండి. రెయిన్ డిస్కో లాంటి చోట చీకటి, మెరిసే దీపాలు, పాట, నీళ్లు అన్నీ ఒకేసారి మీద పడతాయి కనుక మొదటిసారికి దాన్ని వదిలేయడమే మంచిది.

ఏ రైడ్లు ఎంచుకోవాలో మీ ఆక్యుపేషనల్ థెరపిస్టును (రోజువారీ పనులు, స్పర్శ, కదలికల విషయంలో పిల్లలకు సాయపడే నిపుణులను) అడగండి. ఉయ్యాల దిగనని మారాం చేసే పిల్లవాడికి గుండ్రంగా తిరిగేవి స్వర్గంలా ఉండవచ్చు. మెట్లు దిగడానికే బెదిరే పిల్లవాడికి నీటిలో కూర్చోవడమే చాలా పెద్ద ఆనందం కావచ్చు. అనుకున్న మూడు నాలుగు రైడ్ల వీడియోలను తక్కువ శబ్దంతో ముందుగా చూపించి, వాటి బొమ్మలను ఒక అట్టమీద వరుసగా అంటించండి. అయిపోయినదాన్ని బాబే పీకి సంచిలో వేయాలి. చివరి బొమ్మగా మీ కారును, దాని తర్వాత ఇంటిని పెట్టండి. వెళ్లిపోవడం కూడా కార్యక్రమంలో భాగమేనని కంటికి కనిపిస్తే, బయలుదేరే సమయంలో గొడవ బాగా తగ్గుతుంది.

ఇంట్లో ఎవరైనా దీని బదులు రామోజీ ఫిల్మ్ సిటీ అంటే, మొదటి ప్రయాణానికి అది వద్దని చెబుతాను. అక్కడ టికెట్టు గేటు నుంచి లోపలికి వారి బస్సులోనే వెళ్లాలి, కాబట్టి పిల్లవాడు ఉక్కిరిబిక్కిరైన క్షణంలో నడిచి మీ కారు దగ్గరికి రాలేరు. స్టంట్ ప్రదర్శనలో తుపాకుల చప్పుళ్లు, పేలుళ్లు ఉంటాయి. అమెరికాలో ఉన్న మీ చెల్లెలు అక్కడి పార్కుల గురించి అడుగుతున్నారన్నారు కదా, వారి పని కొంత సులువు. డిస్నీ పార్కుల్లో ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలున్నవారు ముందుగా వీడియో కాల్‌లో మాట్లాడి అర్హత పొందితే, వరుసలో నిలబడకుండా, ఎన్ని గంటలకు తిరిగి వచ్చి రైడ్ ఎక్కాలో ఆ సమయం ముందే తీసుకోవచ్చు. పెన్సిల్వేనియాలోని సెసమీ ప్లేస్ పార్కు, ఆటిజం ఉన్నవారితో మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇచ్చి, 2018లోనే ఆటిజం కేంద్రంగా ధ్రువీకరణ పొందింది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్న మోర్గాన్స్ వండర్‌ల్యాండ్‌ను వైకల్యం ఉన్నవారిని దృష్టిలో పెట్టుకునే కట్టారు. మన దగ్గర కూడా ఇటువంటి ఏర్పాట్లు రావాలని పార్కుల యాజమాన్యాలకు మనం రాస్తూనే ఉండాలి.

ఇంత చేసినా బాబు ఏదో ఒక క్షణంలో నేలమీద పడి ఏడవవచ్చు. అది మొండితనం కాదు, మెదడు మోయలేనంత భారం పడటం. అప్పుడు బుజ్జగింపులు, ప్రశ్నలు, బెదిరింపులు అన్నీ ఆ భారాన్ని పెంచుతాయి. లోపలికి వెళ్లగానే జనం తక్కువగా ఉండే నీడ ఒకటి చూసి పెట్టుకుని, అవసరమైతే మాట్లాడకుండా అక్కడికి తీసుకెళ్లండి. "మా బాబుకు ఆటిజం ఉంది, దయచేసి కాస్త దూరంగా ఉండండి" అని తెలుగులో అచ్చు వేయించిన చీటీలు నా జేబులో ఎప్పుడూ ఉంటాయి. సలహాలిచ్చేవారికి నోటితో జవాబు చెప్పే ఓపిక ఆ సమయంలో ఉండదు, చీటీ చేతికిస్తే చాలామంది అర్థం చేసుకుని పక్కకు జరుగుతారు.

బయటి తిండిని ఇలాంటి పార్కుల్లో సాధారణంగా అనుమతించరు. బాబు పెరుగన్నం తప్ప మరేదీ ముట్టడని రాశారు కాబట్టి, వైద్యుల చీటీ తీసుకుని ముందే ఫోనులో మాట్లాడి ఉంచండి. వారు ఒప్పుకోకపోతే కారులో ఉంచి, బయటికి వచ్చాక పెట్టండి. సాయంత్రం దాకా ఉండాలన్న పట్టుదల వద్దు; బాబు ఇంకా హుషారుగా ఉన్నప్పుడే, మధ్యాహ్నానికల్లా బయలుదేరండి. మర్నాడు బడి, థెరపీ రెండూ మాన్పించి ఇంట్లో విశ్రాంతి తీసుకోనివ్వండి. బాబు ఎత్తు ఎంతో, ఊగడం ఇష్టమో తిరగడం ఇష్టమో ఇక్కడ రాస్తే, మొదటిసారికి ఏ రైడ్లు సరిపోతాయో నాకు తెలిసినంతవరకు చెబుతాను.