ప్రమోషన్ సంగతి ఆమెకు మీరే చెప్పాల్సింది

ప్రశ్న: మా టీమ్‌లో నాకన్నా సీనియర్ ఒకావిడ ఉంది. నాకు పని నేర్పింది ఆవిడే. అక్కా అని పిలిచేదాన్ని, రోజూ కలిసే భోంచేసేవాళ్లం. ఆరు నెలల క్రితం ఆవిడ ఆశపడ్డ టీమ్ లీడ్ పోస్టు నాకు వచ్చింది. మేనేజర్ రెండు వారాల ముందే చెప్పారు కానీ బయటపెట్టొద్దన్నారు. మెయిల్ వచ్చాకే అందరికీ తెలిసింది. అప్పటి నుంచి మీటింగుల్లో నేనేం చెప్పినా ఆవిడ అడ్డుపడుతోంది. టెస్టింగ్‌కి రోజులు చాలవని గొడవ చేసింది. నేను వినలేదు, చివరికి డెడ్‌లైన్ తప్పింది. మొన్న అందరి ముందూ ‘లీడ్ గారికి అన్నీ తెలుసు కదా’ అంది. జూనియర్లకు ఎవరి మాట వినాలో అర్థం కావడం లేదు. మావారు పట్టించుకోవద్దంటారు. ఇంటికొచ్చినా అదే టెన్షన్. ఆవిడ ఈగో ఎలా తగ్గించాలి? లేక నేనే వేరే టీమ్‌కి వెళ్లిపోనా?

సలహా: వేరే టీమ్ ఆలోచన పక్కన పెట్టండి. ఇంకొకరి ఈగో తగ్గించడం మీ పని కాదు, మీ వల్లా కాదు. నాకు మనసు చివుక్కుమన్నది ‘మెయిల్ వచ్చాకే అందరికీ తెలిసింది’ అన్న చోట. ఆ అందరిలో ఆమె కూడా ఉంది. మీకు పని నేర్పిన మనిషి, రెండు వారాలు మీ ఎదురుగా కూర్చుని భోంచేసి, ఆ సంగతి కొత్తగా చేరిన కుర్రాళ్లతోపాటు తెలుసుకుంది.

మేనేజర్ చెప్పొద్దన్నారు, నిజమే. ఆ కట్టుబాటు మెయిల్ వచ్చేదాకానే. ఆ సాయంత్రమైనా ఆమె దగ్గరికి వెళ్లారా? ఈ ఆరు నెలల్లో ఒక్కసారైనా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. పోస్టు పోయిన బాధ కన్నా, మీరు మొహం చాటేశారన్న బాధే ఆమెను ఎక్కువ తొలిచేస్తోందని నాకనిపిస్తోంది.

ప్రమోషన్ వచ్చినందుకు మీరు తల వంచుకోనక్కర్లేదు, అది మీ కష్టార్జితం. దానికి క్షమాపణ చెప్పొద్దు. చెప్పకుండా తప్పించుకున్నందుకు మాత్రం చెప్పండి. మెయిల్‌లో, చాట్‌లో వద్దు. ఇద్దరే కూర్చోండి. ‘అక్కా, ఆ రోజు నీకు నేనే చెప్పాల్సింది. నీ మొహం చూడ్డానికి భయమేసింది’ అనండి చాలు. ఆమె రెండు మాటలంటే పడండి. వెంటనే సంజాయిషీ మొదలుపెట్టొద్దు.

ఇక టెస్టింగ్ సంగతి. ఆమె చెప్పింది నిజమైంది. అదే మాట ఇంకొకరు అనుంటే వినేవారేమో, మీ మనసునే అడగండి. పని గురించి వచ్చే భేదాభిప్రాయం వేరు, మనుషుల మధ్య పడకపోవడం వేరని కరెన్ జెన్ అనే పరిశోధకురాలు 1995లోనే చూపించారు. రోజూ ఒకే తీరుగా సాగని పనుల్లో మొదటిది మేలు కూడా చేస్తుందట. కార్స్టెన్ డి డ్రూ, లోరీ వైన్‌గార్ట్ 2003లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆ రెండూ ముడిపడిన టీముల్లో పని మరింత దెబ్బతింటోందని తేలింది. మీ దగ్గర జరుగుతున్నది అదే. ఆమె షెడ్యూల్ గురించి మాట్లాడితే మీకు ఎత్తిపొడుపులా వినిపిస్తోంది. ఎత్తిపొడుపు విడిగా, అభ్యంతరం విడిగా చూడడం నేర్చుకోండి. వచ్చే మీటింగులో టెస్టింగ్ విషయంలో ఆమే కరెక్టని అందరి ముందూ ఒప్పుకోండి.

అలాగని అవమానాలు భరిస్తూ కూర్చోమనడం లేదు. ఈ విషయంలో మీవారి సలహా నాకు నచ్చలేదు. మీరు మాట్లాడాక కూడా అలాంటి మాట పడితే, అక్కడే, గొంతు పెంచకుండా, ‘అది మనిద్దరం తర్వాత మాట్లాడుకుందాం, ఇప్పుడు షెడ్యూల్ చూద్దాం’ అనండి. అయినా ఆగకపోతే ఏ రోజు ఏమందో రాసి పెట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లండి. వెళ్తున్నానని ముందు ఆమెకే చెప్పండి. వెనక నుంచి మాత్రం మళ్లీ ఏదీ చేయొద్దు.

జూనియర్ల విషయం తేలికే. గడువులు, పని పంపకం మీరు చూసుకోండి. టెస్టింగ్ సందేహాలేవైనా ఆమెనే అడగమని, ఆమె అక్కడ ఉన్నప్పుడే వాళ్లకు చెప్పండి.