పాపకు పదకొండు వారాలు, కంపెనీ రమ్మంటోంది

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఒక కుట్టు కంపెనీలో కాంట్రాక్టర్ కింద ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. నెలకు 13 వేలు, అందులో ఈఎస్ఐ పట్టుకుంటారు. కాన్పుకు మూడు వారాల ముందు వరకు మిషన్ మీద కూర్చున్నాను. పాపకిప్పుడు 11 వారాలు. ఒకటో తారీకుకల్లా రావాలి, లేదంటే రాజీనామా రాసివ్వాలి అని సూపర్‌వైజర్ ఫోన్లు చేస్తున్నాడు. సెలవు డబ్బులు ఇంకా రాలేదు. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టదు. ఊరికే ఏడుపొస్తుంది, పాపను ఎత్తుకోబుద్ధి కాదు. గాలి సోకిందని అత్తయ్య తాయెత్తు కట్టించారు. మా ఆయన ఆటో ఒక్కదానితో ఇల్లు గడవదు. నేను లేకపోతేనే అందరికీ బాగుంటుందేమో అనిపిస్తోంది. ఉద్యోగం మానేయనా?

జవాబు: అమ్మా, ఉద్యోగం సంగతి తర్వాత చెబుతాను. ముందు 'నేను లేకపోతేనే' అన్న మాట. ఈ రోజే మీ ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఆలోచన మళ్లీ వస్తే ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, డబ్బులేమీ పడవు, అర్ధరాత్రయినా తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలని గట్టిగా అనిపించినా, పాపకు ఏమైనా చేసేస్తానేమోనన్న భయం కలిగినా, ఎవరివో మాటలు చెవిలో వినిపించినా ఆగవద్దు, 108 పిలిచి ఆసుపత్రికి వెళ్లండి.

కాన్పయిన కొత్తలో చాలామంది బాలింతలకు ఏడుపొస్తుంది, పది పదిహేను రోజుల్లో తగ్గిపోతుంది. మీకు పదకొండు వారాలైనా తగ్గలేదంటే అది డిప్రెషన్ కావచ్చు. అది జబ్బు. మీరు చెడ్డ తల్లి అయిపోలేదు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించుకోండి, మీ ఊరి ఆశా కార్యకర్తను తోడు రమ్మని అడగండి. రక్తహీనతకు, థైరాయిడ్‌కు పరీక్ష చేయించమనండి, వాటి వల్ల కూడా ఇలా నీరసం, దిగులు వస్తాయి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి, మందు మొదలుపెట్టారని మీ అంతట మీరు పాలు మాన్పించకండి. అత్తయ్య కట్టించిన తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దానికోసం గొడవెందుకు? రాత్రి ఒక్కసారి పాపను ఆవిడ చూసుకుని, మిమ్మల్ని నాలుగైదు గంటలు వరుసగా నిద్రపోనిస్తే చాలు. ఆ మాట మీ ఆయన చేత అడిగించండి.

ఇక ఉద్యోగం. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టకండి. నా దగ్గరికి వచ్చే కుట్టు పని అమ్మాయిల్లో చాలామంది ఇక్కడే మోసపోతారు. తీసేశారని అనుకుంటారు గానీ, కాగితంలో తామే మానేసినట్టు ఉంటుంది. మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలు. మీరు ముందు వాడుకున్నది మూడు, కాన్పు తర్వాత పదకొండు, అంటే ఇంకా 12 వారాలు మీవే. ఆ సెలవులో ఉన్న మనిషిని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. కాంట్రాక్టర్ కింద ఉన్నా ఇదే వర్తిస్తుంది.

ఈఎస్ఐ ఉంది కాబట్టి సెలవు డబ్బు కంపెనీ దయ మీద లేదు. ఈఎస్ఐ వాళ్లే మీ బ్యాంకు ఖాతాలో వేస్తారు, సగటు రోజు కూలి మొత్తం లెక్కన. కాన్పుకు ముందు రెండు చందా కాలాల్లో (ఒక్కో కాలం ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా కట్టి ఉంటే చాలు. ఆసుపత్రి ఇచ్చిన కాన్పు కాగితం, ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని మీ ఆయనను ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకు తోడు తీసుకెళ్లండి. కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యమని ఈఎస్ఐ డాక్టర్ రాసిస్తే మరో నెల వరకు కూడా ఇస్తారు. ఇప్పుడు మీ ఒంట్లో బాగాలేదన్న సంగతి అక్కడ దాచకండి.

సూపర్‌వైజర్ మళ్లీ ఫోన్ చేస్తే వాదించే ఓపిక మీకు లేదు, అక్కర్లేదు కూడా. మీ ఆయన చేత వాట్సాప్‌లో ఒక్క వాక్యం పంపించండి: 'ప్రసూతి సెలవులో ఉన్నాను, సెలవు పూర్తయ్యాక పనిలోకి వస్తాను.' ఆ మెసేజ్ తీసేయకండి. అప్పటికీ బెదిరిస్తే దాన్నే లేబర్ ఆఫీసులో చూపించాలి.