భారరహిత స్థితిలో క్యాన్సర్ కణాలు చనిపోతాయా?

కొన్ని చనిపోతాయి, కొన్ని మరింత జోరుగా పెరుగుతాయి. అసలు ఆసక్తికరమైన మార్పు వేరే ఉంది. భూమ్మీద ప్రయోగశాల పాత్రలో పెంచే కణాలు బరువు వల్ల అడుగుకు చేరి పలుచని పొరలా పరుచుకుంటాయి. భారరహిత స్థితిలో అలా దిగవు. తేలుతూ, ఒకదానికొకటి అతుక్కుని గుండ్రని ముద్దలవుతాయి. 2011లో చైనా షెంఝౌ-8 అంతరిక్ష నౌకలో పంపిన థైరాయిడ్ క్యాన్సర్ కణాలు ఇలాగే ముద్ద కట్టాయి. శరీరంలోని కణితికి పలుచని పొర కంటే ఈ ముద్దతోనే పోలిక ఎక్కువ: పైకణాలకు ఆక్సిజన్ బాగా అందుతుంది, నడిమి కణాలకు అందదు. మందులను పరీక్షించడానికి పరిశోధకులు దీన్ని కోరుకునేది అందుకే.

కణానికి ఆకారమిచ్చే లోపలి పోగుల అల్లిక కూడా మారుతుంది. దాంతో కొన్ని జన్యువుల పనితీరు మారి, కొన్ని కణాలు తమను తామే అంతం చేసుకుంటాయి. "అంతరిక్షమే క్యాన్సర్‌కు మందు" అనే అత్యుత్సాహపు శీర్షికలు పుట్టేది ఇక్కడే. కానీ 2023లో ఆక్సియమ్-2 అనే ప్రైవేటు అంతరిక్ష యాత్రలో వెళ్లిన కణితి నమూనాలు వేగంగా పెరిగాయి. పైగా ఇలాంటి ఫలితాల్లో చాలావరకు భూమ్మీదే, కణాలను నిరంతరం తిప్పే యంత్రాల్లో వచ్చినవి. అక్కడ గురుత్వాకర్షణ పోదు, దాని దిశ మాత్రమే కణానికి నిలకడగా ఉండదు.