వడ్ల మీద జారిన బండి, పక్కకు చూసే చక్రం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న ప్రమాదాల గురించే. ఆస్పత్రిలో చేరేంత దెబ్బలు కావు, బండి తుక్కయ్యేంతా కాదు. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా రోడ్డు మీద సగం దాకా యాసంగి వడ్లు ఆరబోశారు. ఎదురుగా ఆటో వచ్చేసరికి వడ్ల మీదికి దిగి ముందు బ్రేకు పట్టాను. ఏం జరిగిందో తెలిసేలోపే కుడివైపు పడ్డాను. స్పీడు 30 కూడా లేదు. బండి 125 సీసీ, కాంబీ బ్రేకు ఉంది. అది ఎందుకు కాపాడలేదు?
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: గేర్ల బళ్లలో కాంబీ బ్రేకు పనిచేసేది కుడికాలి పెడల్‌తో. పెడల్ తొక్కితే వెనక బ్రేకుతో పాటు ముందుదీ కొంత పడుతుంది. మీరు పట్టింది చేతి లివరు, అది ముందు చక్రానికి మాత్రమే. పైగా చక్రం బిగుసుకుపోకుండా ఆపడం కాంబీ పని కాదు, ఏబీఎస్ పని. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఆ లోపు బళ్లకు కాంబీ ఉంటే చాలన్నారు. ఏబీఎస్ ఉన్నా వడ్ల మీద బండి దగ్గర్లో ఆగదు. పడకుండా నిలబడే అవకాశం పెరుగుతుంది, అంతే.

ఇక జారడం సంగతి. టైరుకీ తారుకీ మధ్య గింజలు చేరితే అవి దొర్లుతాయి, టైరు వాటి మీద తేలుతుంది. ముందు చక్రం తిరుగుతూ, అటూ ఇటూ కొద్దికొద్దిగా మళ్లుతూ బరువు సర్దుకుంటుంది కాబట్టే బండి నిలబడుతుంది. చక్రం బిగుసుకుంటే ఆ సర్దుబాటు పోతుంది. వెనక చక్రం బిగుసుకున్నప్పుడు తోక ఊగుతుంది గానీ, పెడల్ వదిలితే చాలాసార్లు దారికొస్తుంది. ముందు చక్రం అంత వ్యవధి ఇవ్వదు. మీరు పక్కకు తిప్పుతూ బ్రేకు పట్టారు. మలుపుకీ బ్రేకుకీ రెండింటికీ చాలినంత పట్టు అక్కడ లేదు.

చేయాల్సిన పనంతా వడ్లు మొదలయ్యేలోపే అయిపోవాలి. తారు మీద ఉండగానే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం 15–20కి తగ్గించి సెకండ్ గేరులోకి రండి. ఎదురుగా బండి వస్తుంటే వడ్లకు ఇవతలే ఆగి దాన్ని పోనివ్వండి. ఆ పది సెకన్లు ఆగడానికి మనసొప్పకే చాలామంది పడతారు. వడ్ల మీదికి ఎక్కాక బ్రేకు, క్లచ్, మలుపు మూడూ వద్దు. యాక్సిలరేటర్ కొద్దిగా పట్టి ఉంచి, చూపు దూరంగా పెట్టి నేరుగా దాటండి. ఆపక తప్పకపోతే యాక్సిలరేటర్ వదిలేసి, పెడల్ మీద కాలి బరువు మాత్రం ఆనించండి. రాత్రిపూట ఇంకో గండం ఉంది. కుప్పల మీద నల్ల టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెడతారు, హెడ్‌లైటుకు అవి ఆఖరి నిమిషం దాకా కనబడవు. కల్లాల్లేక రైతు రోడ్డెక్కుతున్నాడు, ఆయన్ను తిట్టి లాభం లేదు.

మలుపులో ఇసుక, ట్రాక్టరు చక్రాలు వదిలిన బురద, తొలకరి చినుకులకు తేలే నూనె, తడిసిన తెల్లచారలు. వీటన్నిటి మీదా లెక్క ఇదే.

టైరునూ చూడండి. గాడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మెలుంటాయి. పక్కగోడ మీద టీడబ్ల్యూఐ అని గానీ చిన్న త్రిభుజం గుర్తు గానీ ఉన్నచోట వెతికితే కనిపిస్తాయి. గాడి అరిగి ఆ దిమ్మెతో సమానమైందంటే టైరు అయిపోయినట్టే. గాలి ఎంతో చైన్ కేసు మీది స్టిక్కరులో ఉంటుంది. ఈ తరగతి బళ్లలో చాలావాటికి ముందు 25, ఒక్కరే నడిపితే వెనక 28 పౌండ్లు. బంకులో అడక్కపోతే రెండింటికీ ఒకే లెక్కన కొట్టేస్తారు.

ప్రశ్న: బండి పడ్డాక హ్యాండిల్ నేరుగా పట్టుకుంటే ముందు చక్రం ఎడమకు చూస్తోంది. ఫోర్కులు బెండు అయ్యాయి, మొత్తం మార్చాలంటున్నాడు మెకానిక్. నిజమేనా?
– తణుకు పాఠకుడు

జవాబు: నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. మార్చేముందు ఒక అరగంట పరీక్ష చేయించండి. చిన్నగా పడ్డప్పుడు తరచుగా జరిగేది ఏమిటంటే, ఫోర్కు పైపులు వంగవు. పైనా కిందా వాటిని పట్టుకునే ‘టీ’లలో మెలితిరిగి ఆగిపోతాయి.

బండిని సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేలకు ఆనేలా చూడండి. చక్రం యాక్సిల్ నట్టు, మడ్‌గార్డు బోల్టులు, కింది టీ బోల్టులు, పై టీ బోల్టులు వదులు చేయాలి. ఒకటి రెండు చుట్లు చాలు, పూర్తిగా ఊడదీస్తే పైపులు జారిపోతాయి. ఎదురుగా నిలబడి చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి, హ్యాండిల్‌ను చక్రానికి సూటిగా వచ్చేదాకా తిప్పండి. ఇప్పుడు కింది టీ, పై టీ బిగించి, ముందు భాగాన్ని నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదలండి. ఆ తర్వాత మడ్‌గార్డు, చివరికి యాక్సిల్ బిగించాలి. ఎంత బిగించాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. టార్క్ పానా (బిగింపును కొలిచే పానా) ఉన్న షెడ్డులో చేయించడం మేలు.

అయినా వంకర పోకపోతే పక్క నుంచి ఒక కన్ను మూసి చూడండి. రెండు పైపులూ ఒకదాని వెనక ఒకటి సరిగ్గా దాగాలి. ఒకటి బయటికి తొంగిచూస్తే బెండు ఉన్నట్టే. పైపు విప్పి అద్దం పలక మీద దొర్లిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఎగుడుదిగుడుగా దొర్లుతుంది. కొద్దిపాటి బెండును ప్రెస్సు మీద తీస్తారు. పైపు మీద మడత గీత కనిపిస్తే మాత్రం తీయించొద్దు, మార్చాల్సిందే.

చక్రం పైకెత్తి తిప్పుతూ రిమ్ము పక్కన పెన్సిలు మొన ఆనించి పట్టుకోండి. పెన్సిలుకీ రిమ్ముకీ సందు 2 మిల్లీమీటర్లకు మించి మారుతుంటే రిమ్ము ఔట్. అలాగే ఎత్తి ఉంచి హ్యాండిల్‌ను నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. సరిగ్గా మధ్యలో ‘టక్’మని గాడిలో పడ్డట్టుంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు) పోయింది.

వంగిన బ్రేకు లివరును సుత్తితో సాఫు చేయించడం అందరూ చేసే పనే, కానీ చేయకూడదు. అది పోత అల్యూమినియం. వంగిన చోట కంటికి ఆనని చీలిక వస్తుంది, గట్టిగా బ్రేకు పట్టాల్సిన రోజున విరుగుతుంది. కొత్తది కొన్ని వందల్లో దొరుకుతుంది. హ్యాండిల్ రెండు కొసలకూ తిప్పి యాక్సిలరేటర్ తిప్పి వదలండి, రెండు వైపులా వెంటనే వెనక్కి కొట్టాలి. యాక్సిలరేటర్ పట్టేసిన బండి మొదటి సందులోనే మళ్లీ పడేస్తుంది.

లేపాక స్టార్టు కాకపోతే కంగారు పడకండి. చాలా బీఎస్‌–6 (కొత్త పొగ నిబంధనల) బళ్లలో, బండి పడితే ఇంజను ఆపేసే సెన్సారు ఉంటుంది. తాళంచెవి ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయాలి.

ప్రశ్న: అరచేయి నేలకు ఆనించి పడ్డాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఐదు రోజులైనా బొటనవేలి మొదట్లో నొప్పి తగ్గలేదు. నాటు కట్టు కట్టించుకోమంటున్నారు.
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: బొటనవేలు పైకెత్తితే మణికట్టు దగ్గర చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే కలుక్కుమంటే స్కాఫాయిడ్ ఎముక చిట్లిందేమోనని అనుమానించాలి. ఈ ఎముక పగులు తొలిరోజు ఎక్స్‌రేలో కనబడకపోవడం మామూలే. అనుమానం ఉన్నప్పుడు బొటనవేలు కదలకుండా కట్టు వేసి, 10–14 రోజులకు మళ్లీ ఎక్స్‌రే తీస్తారు, లేదా ఎంఆర్‌ఐ చేస్తారు. ఈ ఎముకకు రక్తం ఎక్కువగా ఒక కొస నుంచే అందుతుంది. పగిలిన సంగతి తెలియకుండా నలిపితే, తిప్పితే అతుక్కోకుండా మిగిలిపోతుంది. ఎముకల డాక్టరుకు మళ్లీ చూపించండి. అప్పటిదాకా బండి వద్దు, మసాజు అసలే వద్దు.

ప్రశ్న: హెల్మెట్‌కు గీత మాత్రమే పడింది. వాడొచ్చా?
– కర్నూలు పాఠకుడు

జవాబు: తలకు ఉండగా నేలకు తగిలిందంటే మార్చేయండి. లోపలి థర్మాకోల్ పొర ఒకసారి నలిగి దెబ్బను తీసుకుంటుంది, మళ్లీ పొంగదు. తలకు దెబ్బ తగిలాక ఒకటి రెండు రోజుల్లో వాంతులు, మగత, పెరిగే తలనొప్పి ఉంటే ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: రిపేరు 4,000 అయ్యేలా ఉంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుందట. చేతి డబ్బు పెట్టుకోవడమే మంచిదా?
– విజయనగరం పాఠకుడు

జవాబు: కార్లకు చెప్పే సలహాను బళ్లకు అతికించడం వల్ల వచ్చిన భయమిది. మీ బండికి మూడేళ్లు దాటాయి, ఒక్క క్లెయిమూ లేదనుకుందాం. బిల్లులో ప్లాస్టిక్ 1,800, లోహపు భాగాలు 1,600, కూలి 600. తరుగుదల కింద ప్లాస్టిక్‌కు సగం, అంటే 900, లోహానికి 25 శాతం, అంటే 400 పోతాయి. తప్పనిసరి కోత 100. చేతికొచ్చేది 2,600.

బోనస్ అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. దాని మెట్లు 20, 25, 35, 45, 50 శాతం. అది మొత్తం ప్రీమియం మీద కాదు, ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) భాగం మీదే. క్లెయిమ్ పెడితే వచ్చే రెన్యువల్‌కు 45కి బదులు సున్నా. ఆపై మళ్లీ మెట్లెక్కాలి. ఐదు రెన్యువళ్లలో కలిపి పోయేది ఒక ఏడాది ప్రీమియంలో 120 శాతం. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 900 అయితే 1,080. క్లెయిమే లాభం. బిల్లు 1,500 అయితే మాత్రం వదిలేయండి.

థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే) ఒక్కటే ఉంటే మీ బండికి పైసా రాదు. క్లెయిమ్ పెట్టేట్టయితే బీమా కంపెనీ సర్వేయరు చూసేదాకా రిపేరు మొదలుపెట్టనివ్వకండి. పడ్డ చోటే నంబరు ప్లేటు కనిపించేలా నాలుగు ఫొటోలు తీసుకోండి.